ఎల్నా పెన్సిల్ రాతలు

లైబ్రరీ పుస్తకాల మీద రాసేవాళ్ళంటే సిగ్నేకి ఒళ్ళు మంట. ముప్ఫై ఏళ్ళుగా స్కోల్‌బీ ఊరి లైబ్రరీ ఆవిడ చేతిలోనే ఉంది. గుమ్మం దగ్గర "పెన్సిలుతో కూడా రాయొద్దు" అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టింది. ఊళ్ళోవాళ్ళు ఆ బోర్డు చదివి, బుద్ధిగా తలూపి, ఇంటికెళ్ళి పెన్సిలు తీసేవాళ్ళు. వంట పుస్తకాల సంగతి మరీ ఘోరం. ఉప్పు ఎక్కువైందనీ, అత్తగారికి నచ్చలేదనీ, ఏది తోస్తే అది రాసి పెట్టేవాళ్ళు.

ఏటా అక్టోబరు రాగానే సిగ్నే కిటికీ పక్క బల్ల మీద చలికాలపు పుస్తకాలు పరిచేది. వంట చేసేవాళ్ళకి, రొట్టెలు కాల్చేవాళ్ళకి, తోట పెంచేవాళ్ళకి, ఉన్ని అల్లేవాళ్ళకి తను ఏరిన పుస్తకాలవి. ఒక్కోదానికీ తన చేత్తో ఒక చీటీ. "ఇందులో చెప్పినంత వెన్నా వెయ్యండి. తగ్గించి, తర్వాత నా దగ్గరకొచ్చి ఏడవకండి." "తోట లేనివాళ్ళు కూడా చదవొచ్చు, కుళ్ళుకోవడానికి." సగంమంది ఆ చీటీలు చదవడానికే వచ్చేవాళ్ళు.

ఈ ఏడు పైఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, రాతలున్న పుస్తకాలన్నీ తీసి పారెయ్యమని. సిగ్నే అలమరాలన్నీ గాలించింది. ఓ పాత రొట్టెల పుస్తకం దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా చలికాలం వస్తే చాలు, దాన్ని ఎల్నా తీసుకెళ్ళేది. కొనుక్కోరాదా అంటే, "ఇక్కడ ఉండగా ఇంట్లో ఇంకోటెందుకు?" అనేది. అంచుల నిండా ఆవిడ రాతలే. ఆ ఎల్నా మొన్న మార్చిలో పోయింది.

ఆ పుస్తకాన్ని చిత్తు కాగితాల్లో పడెయ్యడానికి సిగ్నేకి మనసొప్పలేదు. అందుకని మంచి రబ్బరొకటి తీసుకుని కూర్చుని, పేజీ పేజీ తుడిచింది. మధ్యాహ్నమంతా పట్టింది. తుడిచేముందు ప్రతి రాతా చదివింది, చదవకుండా ఎలా ఉంటుంది మరి? మొత్తానికి పుస్తకం దక్కింది. దాన్ని బల్ల మీద అన్నిటికన్నా ముందు పెట్టి, స్నేహితురాలికి ఈమాత్రమైనా చెయ్యగలిగానని సంతోషపడింది.

గురువారం పొద్దున వాగ్న్ వచ్చాడు. ఎల్నా మొగుడు. బల్లకట్టు పడవ నడిపి రిటైరైన మనిషి, డెబ్భై నాలుగేళ్ళుంటాయి. పుస్తకాలకీ ఆయనకీ ఆమడ దూరం. టోపీ తీసి చేతిలో నలుపుతూ బల్ల ముందు నిలబడ్డాడు.

"సిగ్నే, మా ఎల్నా తెచ్చుకునే రొట్టెల పుస్తకం ఉందా?"

"ఉంది. ఏం, నువ్వు రొట్టెలు కాలుస్తున్నావా ఏంటి?"

"కాలుస్తున్నా, పారేస్తున్నా. రొట్టె పొంగడానికి తను కలిపే పులిసిన పిండి సీసా ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది. ఏడు నెలలుగా పిండీ నీళ్ళూ పోసి దాన్ని బతికిస్తున్నా. రొట్టె మాత్రం ఎప్పుడు చేసినా రాయే. నిన్నటిది మా కుక్క వాసన చూసి వెళ్ళిపోయింది." టోపీ ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "మా పొయ్యిలో సరిగ్గా కాలాలంటే పిండిలో నీళ్ళు ఎన్ని పొయ్యాలో తను ఆ పుస్తకంలో రాసి పెట్టుకుంది. అది చూస్తే చాలు. ఒక్కసారి తన రొట్టె తినాలని ఉంది, సిగ్నే."

సిగ్నే బల్ల వైపు చూసింది. పుస్తకం ఆయన మోచేతి పక్కనే ఉంది. రాతలు పైఆఫీసువాళ్ళే తుడిచేశారని ఒక్క అబద్ధం ఆడితే గొడవ ఉండదు. ఆడదామనే నోరు తెరిచింది. తీరా తెరిచాక నిజమే వచ్చింది.

"తుడిచేశాను, వాగ్న్."

"ఏం తుడిచావు?"

"రాతలన్నీ. రాతలుంటే పుస్తకం పారెయ్యమన్నారు. ఎల్నా పుస్తకం కదా, పారెయ్యలేకపోయా. పుస్తకం మిగలాలని తుడిచాను. పుస్తకమే మిగిలింది. నా బుద్ధి గడ్డి తింది."

వాగ్న్ పుస్తకం అందుకుని ఎల్నా చేసే రై గింజల రొట్టె పేజీ తెరిచాడు. అంచులు శుభ్రంగా, తెల్లగా ఉన్నాయి. బొటనవేలితో ఓసారి నిమిరి చూశాడు. తిట్టినా బావుండుననుకుంది సిగ్నే. ఆయన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

"తుడిచేముందు చదివావా?"

"అన్నీ చదివాను."

"అయితే నీళ్ళెన్ని?"

సిగ్నే కళ్ళు మూసుకుంది. కుడివైపుకి వాలిన ఎల్నా పొట్టి అక్షరాలు కనబడుతున్నాయి. అంకె మాత్రం కనబడటం లేదు. మూడున్నర డెసిలీటర్లా, నాలుగా? "గుర్తు రావట్లేదు," అంది. అనేసరికి ఏడుపు ఆగలేదు.

"ఏడవకు. మరేం గుర్తుంది నీకు?"

"నీ గురించి రాసినవి."

"నా గురించా? రొట్టెల పుస్తకంలోనా?"

"రొట్టె చేసినప్పుడల్లా తారీకు వేసి, పక్కన నీ ముచ్చటే. 'వాగ్న్ తినొచ్చన్నాడు.' కింద మళ్ళీ, 'తినొచ్చన్నాడు.' ఒకచోట, 'ఏమీ అనలేదు. నాలుగు ముక్కలు తిన్నాడు.' ఇంకోచోట, 'వాన. పడవ ఆలస్యం. తినొచ్చన్నాడు. చివరి ముక్క నాకోసం ఉంచాడు.'"

ఆ సముద్రతీరపు ఊళ్ళలో "తినొచ్చు" కంటే పెద్ద పొగడ్త లేదు. అంతకు మించి ఎవడైనా అన్నాడంటే, బయట ఏ తప్పు చేసి ఇంటికొచ్చాడో అని అనుమానపడతారు. వాగ్న్ తాతా అంతే అన్నాడు, తండ్రీ అంతే అన్నాడు.

"నలభై ఆరేళ్ళ కాపురం," అన్నాడు వాగ్న్. "ఆ ఒక్క మాటతోనే లాక్కొచ్చాను. అది తనకి చాలుతుందో లేదో ఒక్కనాడూ ఆలోచించలేదు."

"చాలకపోతే తారీకు వేసి మరీ రాసుకుంటుందా, పిచ్చివాడా?"

వాగ్న్ టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత ఆయన టోపీ దించాడు. సిగ్నే వైపు కాకుండా, తెల్లగా ఉన్న ఆ అంచు వైపే చూశాడు.

"బావుండేది," అన్నాడు. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు, ఈసారి అవతలి ఒడ్డుకి కేక వేసినంత గట్టిగా. "నీ రొట్టె చాలా బావుండేది, ఎల్నా."

తోట పుస్తకాల దగ్గరున్న ఇద్దరు ఆడవాళ్ళు బిత్తరపోయి చూశారు. వాగ్న్ వాళ్ళని పట్టించుకోలేదు.