ఫ్రిజ్ తలుపు మీద పది మైదానాలు

భర్తన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది. కాదనలేదు. కానీ చదరంగం పిచ్చి ఉన్నవాడికి ఒక బల్ల చాలు. పాటల పిచ్చి ఉన్నవాడికి రెండు చెవులు చాలు. ఆయనకి పట్టిన గోల్ఫు పిచ్చికి మాత్రం ఊరి బయట నూటేభై ఎకరాలు, ఇంట్లో హాలు పొడవునా తివాచీ, ఆ పైన ఫ్రిజ్ తలుపు మొత్తం కావలసి వచ్చాయి. నూటేభై ఎకరాలూ ఎవరివో కాబట్టి ఆవిడ పట్టించుకోలేదు. తివాచీ పాతది. ఫ్రిజ్ తలుపు దగ్గరే ఆవిడ కడుపు మండింది.

ఆ తలుపు మీద పది మైదానాల బొమ్మలుండేవి. ఈ జన్మలో ఆడి తీరాల్సినవని ఆయన పత్రికల్లోంచి కత్తిరించి, వరసగా నంబర్లు వేసి అంటించాడు. ఒకటి కొండ కొమ్మున ఉంది, బంతి జారితే లోయలోకే. ఒకటి ఎడారి నడుమ పచ్చటి రుమాలు పరిచినట్టుంది. ఇంకోదాంట్లో ఏడాదికి మూడు నెలలే మంచు కరుగుతుందట. మరోదాంట్లో ఆట మధ్యలో జింకలు వచ్చి నిలబడితే అవి కదిలేదాకా మనుషులు ఆగాలట. అన్నిటికంటే పైన, ఒకటో నంబరుగా, సముద్రం ఒడ్డునున్న మైదానం.

"కూరగాయల చీటీ పెట్టుకుందామంటే జానెడు జాగా లేదు గానీ, మా ఇంట్లో ఎడారి ఉంది, మంచుకొండ ఉంది, సముద్రం ఉంది" అని ఆవిడ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ మంచినీళ్లతోపాటు చెప్పేది.

ఆయనది కళ్లజోళ్ల షాపు. పొద్దున్నించి సాయంత్రందాకా జనాన్ని కుర్చీలో కూచోబెట్టి, కంటి ముందు అద్దాలు మార్చి మార్చి, "ఇప్పుడు బాగుందా? ఇందాక బాగుందా?" అని అడగటమే పని. ఆ అడగటమంతా షాపులోనే ఖర్చయిపోయేది. ఇంటికొచ్చాక ఎవర్నీ ఏమీ అడిగేవాడు కాదు.

రోజూ కాఫీ తాగాక హాల్లో ఒక స్టీలు గ్లాసుని పక్కకి పడుకోబెట్టి, తివాచీ ఈ చివర్నించి బంతిని మెల్లగా దానిలోకి కొట్టేవాడు. బంతి రోజూ బుద్ధిగా బయల్దేరి, గ్లాసు దగ్గరిదాకా వెళ్లి, అక్కడ మనసు మార్చుకుని సోఫా కిందికి దూరేది. ఆయన ఒకరోజు కర్రని తిట్టేవాడు, ఒకరోజు ఫ్యాను గాలిని తిట్టేవాడు.

"నేలకి వాటం ఉందండీ, సోఫా వైపు. తడిగుడ్డ పెట్టినప్పుడల్లా నీళ్లన్నీ అటే పోతాయి" అంది ఆవిడ ఒకసారి.

"ఈ నేల ఇంజినీరు దగ్గరుండి వేయించాడు."

"ఇంజినీరు ఒక్కసారి వేయించాడు. నేను రోజూ తుడుస్తున్నాను."

"వాలు చూడటమంటే తుడవటం కాదు. అదో విద్య. దానికి కన్నుండాలి" అన్నాడాయన, కన్నులు అమ్ముకునేవాడి ధీమాతో.

కాలేజీలో ఫిజిక్సు చదివిన ఆవిడ చీపురుతో సోఫా కిందనించి బంతిని బయటికి తోసింది.

ఇరవై నాలుగేళ్ల ఆ కాపురంలో తప్పులు జరగలేదని కాదు. జరిగిన తప్పుని ఇద్దరూ చెరో వైపునించి ఒకసారి చూసి, మీద దుప్పటి కప్పేసి, ఒకరు వంటింట్లోకీ ఒకరు పేపర్లోకీ వెళ్లిపోయేవాళ్లు. ఆవిడ కూడా తక్కువ తినలేదు. పెళ్లయిన కొత్తలో, రైలు నాలుగింటికని పట్టుబట్టి ఆయన్ని మూడున్నరకి స్టేషనుకి తీసుకెళ్లింది. రైలు మూడింటికే వెళ్లిపోయింది. "ఈ రైలుకి మరీ ఇంత తొందరేమిటి" అంది తప్ప, టికెట్టు మీద ఏముందో ఈనాటికీ నోరు విప్పలేదు.

ఇలా ఉండగా ఒకరోజు కూతురు ఫోను పట్టుకుని గదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా! నీ ఒకటో నంబరు వచ్చేసింది!"

ఆ సముద్రం ఒడ్డు మైదానంలో సభ్యులు కానివాళ్లని అడుగు పెట్టనివ్వరు. ఏడాదికి ఒక్కరోజు మాత్రం బయటివాళ్లకి చీట్లు తీస్తారు. ఆయన పదకొండేళ్లుగా దరఖాస్తు పెడుతున్నాడు. పన్నెండో ఏట చీటీ తగిలింది. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఫ్రిజ్ దగ్గరికెళ్లి బొమ్మని చూసి, మళ్లీ తీసి తుడిచాడు.

అయితే రెండు చిక్కులున్నాయి. మొదటిది కుడి భుజం. వచ్చే నెల ఆపరేషను. "ఒక్క ఆట ఆడితే ఆడండి గానీ, కర్రల సంచీ మొయ్యకూడదు, దాని బండి లాగకూడదు. ఆపరేషనయ్యాక చాలాకాలం కర్ర ముట్టుకోకూడదు" అని డాక్టరు చెప్పాడు. మళ్లీ ఆ భుజం ఏ మాత్రం లేస్తుందో అప్పటిగ్గానీ తెలియదు.

రెండోది వంద. గోల్ఫులో పద్దెనిమిది గుంటల్లో బంతి వెయ్యాలి, ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. ఆయన పద్నాలుగేళ్లుగా ఆడుతున్నా ఒక్కసారీ వందలోపు ముగించలేదు. ఎంత బాగా ఆడినా నూట మూడు.

"ఊరికే ఆడొస్తే అది విహారయాత్ర. వందలోపు ముగిస్తేనే ఆ బొమ్మ మీద టిక్కు పెడతాను. లేకపోతే పెట్టను" అని ఆయన పెన్ను ఫ్రిజ్ మీద పెట్టాడు.

"మరి సంచీ బండి ఎవరు లాగుతారు? నాకు పరీక్షలు" అంది కూతురు.

ఇద్దరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ పప్పు డబ్బా మూత బిగిస్తూ, "ఎడారికైతే రానని చెప్పేదాన్ని. సముద్రమంటున్నారు కాబట్టి వస్తాను" అంది.

మైదానం చూడగానే ఆవిడ చెప్పుకోలేదు గానీ నివ్వెరపోయింది. పచ్చిక ఎవరో తెల్లారగట్ల లేచి ఇస్త్రీ చేసినట్టుంది. ఒక పక్కంతా సముద్రం. గాలి ఉప్పగా మొహానికి తగులుతోంది. ఫ్రిజ్ మీద బొమ్మలో ఈ గాలి లేదు. పన్నెండేళ్లు దరఖాస్తు పెట్టడంలో తప్పులేదనిపించింది. ఆ మాట పైకి అంటే అలుసైపోతానని బండి పిడి గట్టిగా పట్టుకుంది.

చీటీ తగిలినవాళ్లు జతగా ఆడటానికి ఇంకొకర్ని తెచ్చుకోవచ్చు కాబట్టి ఆయన స్నేహితుడు పళ్ల డాక్టరు వచ్చాడు. ఆయనకి ఈ పిచ్చి అంటించిన మహానుభావుడు ఇతనే. ఆవిణ్ణి చెల్లెమ్మా అంటాడు కాబట్టి ఆయన్ని బావగారూ అంటాడు.

గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికని గ్రీన్ అంటారు. మొదటి గ్రీన్ మీద ఆయన వంగి, లేచి, ఒక కన్ను మూసి, కర్రని గాల్లో వేలాడదీసి, నానా తంతూ చేశాడు. బండి పక్కన నిలబడ్డ ఆవిడ, అలవాటు కొద్దీ గొంతుక్కూచుని నేలకి మొహం దించి చూసింది. ఇల్లు తుడిచేవాళ్లు అలాగే చూస్తారు. ఇక్కడొక బకెట్ నీళ్లు పోస్తే ఎటు పోతాయి? ఎడమకి.

"సోఫా కిందికే" అని గొణుక్కుంది.

బంతి గుంట దగ్గరిదాకా వెళ్లి, ఎడమకి జారిపోయింది. రెండో గ్రీన్ మీదా అంతే, మూడో దాని మీదా అంతే.

"చెల్లెమ్మా, ఏదో అంటున్నట్టున్నావు?" అన్నాడు పళ్ల డాక్టరు.

"ఏం లేదన్నయ్యగారూ. మా సోఫా గుర్తొచ్చింది."

నాలుగో గ్రీన్ మీద అతను ఉండబట్టలేక, తన బంతి ఎటు వెళ్తుందో చెప్పమని అడిగాడు. ఆవిడ కూచుని చూసింది. "బెత్తెడు కుడికి కొట్టండి. అదే తిరిగొస్తుంది" అంది. బంతి తిరిగొచ్చి గుంటలో టక్కుమని పడింది. డాక్టరు చిన్నపిల్లాడిలా ఎగిరాడు.

"బావగారూ! మీ ఇంట్లో ఇంత విద్య పెట్టుకుని ఫ్యానుని తిడతారటయ్యా!"

ఆయన వినిపించుకోనట్టు టోపీ సర్దుకున్నాడు. అయిదో గ్రీన్ మీద మాత్రం కర్ర పట్టుకుని నిలబడి, సముద్రాన్ని అడుగుతున్నట్టుగా, "ఇటా... అటా?" అన్నాడు.

"జానెడు ఎడమకి" అంది ఆవిడ కూచున్నచోటినించే.

ఆయన కాళ్లు జరుపుకున్నాడు. "ఇప్పుడు బాగుందా?"

"ఇందాకటికన్నా బాగుంది. ఇంకో వేలెడు జరగండి."

బంతి పడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆవిడ మాత్రం బండి లాగుతూ కొంగు చాటున నవ్వుకుంది. షాపులో మాట ఇరవై నాలుగేళ్లకి ఇంటిదాకా వచ్చింది.

ఆ తర్వాత గుంట గుంటకీ అదే వరస. ఆవిడ గొంతుక్కూచుని చూడటం, ఆయన అడగటం, బంతి పడటం. అన్నీ పడలేదు. ఒకటి ఇసకలోకి పోయింది, ఒకటి సముద్రానికి సమర్పణ అయింది. భుజం సలిపినప్పుడల్లా ఆయన ఆగి, పళ్లు బిగించి, మళ్లీ కొట్టాడు. పదిహేడు గుంటలయ్యేసరికి తొంభై మూడు దెబ్బలయ్యాయి. పళ్ల డాక్టరు తన ఆట మర్చిపోయి వేళ్లు మడిచి లెక్క పెట్టడం మొదలెట్టాడు. ఆఖరి గుంట ఆరింట్లో ముగిస్తే తొంభై తొమ్మిది.

అయిదు దెబ్బలకి బంతి ఆఖరి గ్రీన్ మీదికొచ్చింది. గుంటకి మూడు బారల దూరం. ఇంకొక్క దెబ్బ.

ఆ గ్రీన్ సరిగ్గా క్లబ్బు వరండా ఎదురుగా ఉంది. వరండాలో ముప్ఫైమంది దాకా కప్పులు పట్టుకుని, రెయిలింగు మీద మోచేతులాన్చి చూస్తున్నారు. ముందు వరసలో తెల్లటి టోపీలు పెట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు. వాళ్ల బూట్లకి గడ్డి మరక కూడా లేదు. ఆవిడ ఒక్కసారి తన బట్టలు చూసుకుంది. మోకాళ్ల దగ్గర పచ్చటి మరకలు, అంచుకి ఇసక. ఇంతమంది ఎదుట పనిమనిషిలా గొంతుక్కూచోవటమా అనిపించింది. నిలబడిపోయింది.

ఆయన చాలాసేపు చూశాడు. "నాకు కుడికి వాలుతున్నట్టుంది. నువ్వేమంటావు?"

"లేదు లేదు. నేరుగా కొట్టండి" అంది ఆవిడ, వరండా వైపు వీపు తిప్పి, తొందర తొందరగా.

ఆయన ఒక్క క్షణం ఆగాడు. తన కన్నుని పక్కనపెట్టి, ఆవిడ మాట ప్రకారం కాళ్లు జరుపుకుని నేరుగా కొట్టాడు.

బంతి నేరుగానే వెళ్లింది. గుంట ఇంకా జానెడుందనగా ఎవరో పిలిచినట్టు కుడికి తిరిగింది. అంచుని బొటనవేలంత దూరంలో దాటి, ఆగిపోయింది.

వరండా అంతా "అయ్యో" అంది. పళ్ల డాక్టరు టోపీ తీసేశాడు. ఆయన మెల్లగా వెళ్లి బంతిని గుంటలోకి తోశాడు. వంద.

"భుజం పట్టేసింది" అన్నాడు ఎవరూ అడక్కుండానే. భుజం పట్టుకుని ఆఫీసు వైపు నడిచాడు.

జెండా గుంటలో నిలబెట్టే వంకన ఆవిడ వెనక ఆగింది. అప్పుడు కూచుంది. చూడటానికి రెండు నిమిషాలు కూడా అక్కర్లేకపోయింది. బకెట్ కాదు, చెంబెడు నీళ్లు పోసినా కుడికే పోతాయి. ఆయన సరిగ్గానే చూశాడు.

లేచి బండి లాక్కుంటూ నడిచింది. నోరు మూసుకుంటే ఇక్కడితో సరి. భుజమనే దుప్పటి ఆయనే తెచ్చి కప్పాడు. ఇంటికెళ్లాక ఆయన పేపర్లోకి, తను వంటింట్లోకి. ఫ్రిజ్ మీద పెన్ను మాత్రం అలాగే ఉంటుంది.

ఆఫీసులో బల్ల వెనక కూచున్న అమ్మాయి దెబ్బల లెక్క రాసిన ఆటచీటీ తీసుకుని ముద్ర వేస్తోంది. ఆయన అప్పటికే వచ్చే ఏటి చీట్ల దరఖాస్తు నింపుతున్నాడు. భుజం లేస్తుందో లేదో తెలియని మనిషి, అచ్చు పన్నెండేళ్ల కిందటి అక్షరాలతో, హుషారుగా రాస్తున్నాడు. ఆవిడ ఆయన భుజం మీదినించి తొంగి చూసింది. ఆటగాళ్లు అన్నచోట రెండు పేర్లున్నాయి. రెండోది తనది.

"నాకు కర్ర పట్టుకోవటమే రాదు!"

"నేర్చుకుంటావు. కర్రదేముంది? కన్నుంది కదా నీకు" అన్నాడు ఆయన తలెత్తకుండా.

ఆ మాట కోసం ఆవిడ ఇన్నేళ్లు సోఫా కింద బంతులు వెతికింది. తీరా వచ్చిన రోజున తీసుకోవటానికి చెయ్యి రావటం లేదు.

"వందండీ! ఒక్క దెబ్బలో పోయింది. చివర్లో ఏమైంది సార్?" అంది బల్ల వెనక అమ్మాయి.

"భుజమమ్మా. భుజం మాట వినలేదు."

"భుజం కాదు" అంది ఆవిడ.

అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. వరండాలో తెల్ల టోపీల వాళ్లు కూడా వెనక్కి తిరిగారు. పళ్ల డాక్టరు మంచినీళ్లు తాగటం ఆపాడు. ఆయన దరఖాస్తు మీంచి తలెత్తి, కళ్లజోడు సర్దుకుని ఆవిణ్ణి చూశాడు.

"మీరు కుడికన్నారు. కుడికే వాలింది. నేను ఇంతమందిలో కూచోటానికి సిగ్గుపడి, చూడకుండానే నిలబడి నేరుగా అని చెప్పాను. తప్పు నాది." ఎలాగూ దుప్పటి తీశాక అంతా తీసేస్తే పోతుందనిపించి, ఇంకో మాట కూడా అనేసింది. "ఆ రైలు టికెట్టు మీద కూడా మూడనే ఉందండీ. చూడకుండా నాలుగన్నది నేనే. అదీ నా తప్పే."