ఇంటికి పోయానన్న రాళ్ళు

జయరాం మాస్టరు ఆదోనిలో విజిల్ ఊదితే ఎమ్మిగనూరులో మగ్గాలు ఆగిపోయేవి. నమ్మనివాళ్ళు ఎమ్మిగనూరు పోయి ఏ ముసలి నేతగాణ్ణయినా అడగవచ్చు. పోగు నేసే నాడె చేతిలో అట్లాగే నిలిచిపోయి, "ఎవర్రా ఆ ఊదేది?" అంటూ జనం వాకిళ్ళలోకి వచ్చేవాళ్ళట. దారిలో ఎద్దులు మోరలెత్తేవి. బస్సు డ్రైవరు పోలీసులనుకుని బండి పక్కకు తీసేవాడు. అంతటి ఊపిరి ఆ మనిషిది.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో సంగతి ఇది. జయరాంది ఎమ్మిగనూరే. ఆదోనిలో ఒక హైస్కూలుకు డ్రిల్లు మాస్టరుగా వచ్చి, స్కౌటు దళం పెట్టాడు. ఖాకీ నిక్కర్లు, మెడలో పచ్చ రుమాళ్ళు, చేతిలో వెదురు కర్రలు. పిల్లలు బజార్లో వరసగా పోతుంటే పత్తి బండ్లవాళ్ళు, "ఏ ఊరి మీదికి పోతాండారప్పా దండయాత్ర?" అని ఆటపట్టించేవాళ్ళు. జయరాం నవ్వి ఊరుకునేవాడు. పెళ్ళికాని వయసు, కొత్త ఉద్యోగం, మెడలో మెరిసే విజిల్. ఇంకేం కావాలి?

శివరాత్రి పోయాక ఒక ఆదివారం పిల్లల్ని గుండ్ల కొండకు తీసుకుపోవాలని అనుకున్నాడు. ఎమ్మిగనూరు బాటలో కొంత దూరం పోతే కుడిచేతి పక్కన పేర్చినట్టు బండలతో కనిపించే కొండ అది. పిల్లల ఇళ్ళకు పోయి పెద్దవాళ్ళను అడిగితే అందరూ సరేనన్నారు. పత్తి మిల్లు వెనక సందులో అద్దెకుండే కన్యకమ్మ మాత్రం చేటలో కందులు చెరుగుతూ తల ఎత్తలేదు.

"కొండెక్కి ఏం సేస్తారప్పా మాస్టరూ? ఆడ ఏమన్నా పంచుతాండారా?"

"నడిసేది నేర్సుకుంటారవ్వా."

"నడిసేదా? నా మనవడు ఏడాది నిండకముందే నడిసినాడు. నువ్వు కొత్తగా నేర్పేదేముంది?"

ఆ మనవడు శేషన్న తలుపు చాటు నుంచి బతిమాలే కళ్ళతో చూస్తున్నాడు. పన్నెండేళ్ళవాడు. ఒకప్పుడు ఆ కుటుంబానికి సొంత ఇల్లూ పత్తి మండీ ఉండేవి. మండీ పోయింది, ఇల్లు పోయింది. కొడుకూ కోడలూ ఒకే జ్వరానికి పోయారు. ఆవిడకు మిగిలింది వీడొక్కడే. దళంలో చేరినవాళ్ళలో చెప్పిన మాట చెప్పినట్టు వినేది కూడా వీడొక్కడే.

చివరికి కన్యకమ్మ చేట కింద పెట్టింది. "తీసకపో. ఎట్ల తీసకపోతాండావో అట్లనే తెచ్చి ఈ గడపలో నిలబెట్టల్ల."

"నాదీ పూచీ అవ్వా. పిల్లోడు తప్పిపోయినా నా విజిల్ తప్పిపోదు," అన్నాడు జయరాం, మెడలో విజిల్ ఎత్తి చూపించి.

కన్యకమ్మ విజిల్ వంక చూసింది, మాస్టరు వంక చూసింది. మనవడి సంచిలో వేరుశనగ ఉండలు కుక్కింది.

ఆ ఆదివారం పొద్దున పిల్లలకు పరీక్ష. జట్టు లీడరు పీరా ముందు పోతూ రాళ్ళతో దారి గుర్తులు పెట్టాలి. మిగతావాళ్ళు ఆ గుర్తులు చూసుకుంటూ కొండ అవతలి చెలమ దగ్గరకు చేరాలి. గుర్తులు మూడే. పెద్దరాయి మీద చిన్నరాయి ఉంటే ఇదే దారి. దాని పక్కన ఇంకొక రాయి ఉంటే ఆ పక్కకు తిరగాలి. రాళ్ళు గుండ్రంగా పేర్చి నడుమ ఒకటి పెడితే, 'పని అయిపోయింది, ఇంటికి పోయాను' అని అర్థం.

"ఒక్క గుర్తు కూడా వదలకూడదు. నోటికి తాళం, కండ్లకు పని," అని చెప్పి, జయరాం పీరాను ముందు పంపాడు. వెనక అయ్యన్న, నరసన్న, శేషన్న కొంచెం కొంచెం ఎడంతో బయలుదేరారు. మాస్టరు మిగిలిన చిన్నపిల్లలతో బండి దారిన చుట్టు తిరిగి చెలమ చేరి, ఉగ్గానికి బొరుగులు నానబెట్టాడు.

పీరా వచ్చాడు. అయ్యన్న, నరసన్న కలిసి ఇకిలిస్తూ వచ్చారు. పోపు వాసన కొండంతా పాకింది. శేషన్న రాలేదు.

"మీ వెనకనే కదరా వాడు?"

అయ్యన్న నరసన్నను చూశాడు. నరసన్న తన కాళ్ళను చూసుకున్నాడు.

"మేము రాళ్ళు సూల్యా సార్. మేకల దారి కనబడితే దాన్నే పట్టుకొని వచ్చినాము," అన్నాడు నరసన్న. "శేషుగాణ్ణి గూడా రమ్మంటిమి. సారు గుర్తులు సూసి రమ్మన్నాడు, నేను రానన్నాడు."

చెప్పిన మాట విననివాళ్ళిద్దరూ ఉగ్గాని ముందు కూర్చున్నారు. విన్నవాడు కొండ మీద ఎక్కడో ఉన్నాడు.

జయరాం బండ మీదికెక్కి విజిల్ ఊదాడు. మెడ నరాలు ఉబ్బేట్టు ఊదాడు. ఇక్కడ ఎమ్మిగనూరు మగ్గాల మాట వెనక్కి తీసుకోక తప్పదు. ఆ విజిల్ ఎమ్మిగనూరు సంగతి అటుంచి, ఎదురుగా ఉన్న బండను కూడా దాటలేదు. రాళ్ళకు తగిలి తిరిగి అతని చెవిలోకే వచ్చింది. చెలమ దగ్గర నీళ్ళు తాగుతున్న మేక ఒకటి తల తిప్పి చూసింది. ఆ విజిల్ ఆపిన పని అంతే.

పీరాను వెంటబెట్టుకుని జయరాం గుర్తులు వెతుక్కుంటూ వెనక్కి పోయాడు. మొదటి గుర్తు దొరికింది. రెండోది దొరికింది. కొండ మీది ఎల్లమ్మ గుడి కింది మలుపు దగ్గరకు వచ్చేసరికి పీరా నిలబడిపోయాడు.

"సార్, నేను పెట్టినవి ఏవి?"

మలుపు నుంచి గుడి దాకా, గుడి నుంచి కొండ వెనక్కి, ఎక్కడ చూసినా రాయి మీద రాయే. సొంత ఇల్లు కావాలని మొక్కుకునేవాళ్ళు ఆ గుడి చుట్టూ రాళ్ళు పేర్చి పోవడం తాతలనాటి అలవాటు. కోమట్లు, బోయలు, సాయిబులు, ఎవరికి ఇల్లు లేకపోతే వాళ్ళు. కొందరు రెండు రాళ్ళు, మిద్దె కావాలనేవాళ్ళు మూడు. పశువుల కొట్టం కూడా కావాలంటే పక్కన ఇంకొకటి. జయరాంను చంకనేసుకుని వాళ్ళమ్మ కూడా ఒకసారి ఇక్కడికి వచ్చి పేర్చి పోయింది. పీరా వాళ్ళమ్మ మహమూదా బీ పోయిన నెలే వచ్చింది. ఇద్దరికీ ఈ రాళ్ళు తెలుసు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నవి కాబట్టే కంటికి ఆనలేదు. మన వాకిట్లో ముగ్గును మనం తొక్కుకుంటూ పోతాం కదా, అట్లా.

"అల్లా తోడు సార్, నాకు తోచనే ల్యా," అన్నాడు పీరా ఏడుపు గొంతుతో.

"నాకూ తోచలేదురా," అన్నాడు జయరాం.

ఇద్దరూ కేకలు వేసుకుంటూ గుడి చుట్టూ తిరిగారు. ఎండ నెత్తికెక్కింది. చెలమ దగ్గర చిన్నపిల్లలు ఏడుస్తుంటారు. అప్పుడు రేగుచెట్టు పక్కన జయరాం కంటికి అది కనబడింది. గుండ్రంగా, పొందికగా పేర్చిన రాళ్ళు. నడుమ ఒకే ఒక్క రాయి.

అతను పీరా భుజం పట్టుకుని ఊపాడు. "ఇంటికి పోయినాడురా! దారి దొరక్క, గుర్తు పెట్టి మరీ ఇంటికి పోయినాడు. బంగారమురా వాడు!"

రాయి మీద రాయి అయితే అనుమానించేవాడే. ఇల్లు మొక్కేవాళ్ళు గుండ్రంగా పేర్చడం అతనెన్నడూ చూడలేదు. పీరా ఇంకొకసారి వెనకవైపు చూద్దామన్నాడు. జయరాం వినలేదు. నమ్మాలని అంత కోరికగా ఉన్నప్పుడు మనిషి ఇంకో మాట వింటాడా? పిల్లలందర్నీ కూడగట్టుకుని ఆదోని దారి పట్టాడు. దారంతా వాళ్ళతో పాటలు కూడా పాడించాడు.

కన్యకమ్మ గడపలో కూర్చుని ఉంది. మాస్టరును చూసింది. మాస్టరు వెనక చూసింది.

"యాడప్పా నా మనవడు?"

జయరాం ఆవిడ వెనక, ఇంట్లోకి తొంగి చూశాడు.

"ఇంటికి రాల్యా అవ్వా?"

"నీతో పంపినోణ్ణి నన్ను అడుగుతాండావా?"

"గుర్తు పెట్టినాడవ్వా. గుడి కింద, రేగుచెట్టు పక్కన. గుండ్రంగా రాళ్ళు పెట్టి నడుమ ఒకటి పెట్టినాడు. అట్ల పెడితే ఇంటికి పోయినానని..."

కన్యకమ్మ గోడ పట్టుకుని లేచింది.

"అది బావి."

"ఏందవ్వా?"

"బావి అప్పా! ఉట్టి ఇల్లు అడిగితే అమ్మ ఉట్టి ఇల్లే ఇస్తది. నీళ్ళకు యాడికి పోవల్ల? అందుకని పక్కన బావి గూడా పెడతాము. నేనూ పెట్టినా. అది నాదో, ఇంకొకరిదో..." మాట అక్కడే తెగిపోయింది. ఆవిడ అప్పటికే గడప దిగింది.

సందు చివర పీరా వాళ్ళ నాయన యూసుఫ్ సాబ్ జట్కా విప్పబోతున్నాడు. సంగతి విని మళ్ళీ కట్టాడు. కొడుకు నెత్తిన ఒకటి మొట్టి, "రాళ్ళు పేర్సేది నేర్సినావు, కండ్లు యాడ పెట్టినావురా?" అన్నాడు. జయరాం అడ్డం వచ్చి, "వాణ్ణేమీ అనద్దు సాబ్. పెట్టమన్నది నేను, వెనక్కి రమ్మన్నది నేను," అన్నాడు. యూసుఫ్ సాబ్ అతని వంక చూడకుండా, "ఎక్కమ్మా, గుర్రానికి నేను సెప్తా," అని కన్యకమ్మకు చెయ్యి అందించాడు.

దారిలో జట్కా ఎగిరి పడినప్పుడల్లా జయరాం మెడలో విజిల్ గుండీలకు తగిలి టకటకమంటోంది. అతను దాన్ని చొక్కాలోకి తోసుకున్నాడు. పొద్దు పడమటికి వాలుతోంది.

కొండ కింద కన్యకమ్మను, యూసుఫ్ సాబ్‌ను నిలిపి, జయరాం పీరాతో పైకి పరుగెత్తాడు. మలుపు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. ఈసారి పీరా పెట్టిన గుర్తుల కోసం వెతకలేదు. తాను మాస్టరునన్న సంగతి మరిచిపోయి, చెప్పిన మాట వినే పన్నెండేళ్ళ పిల్లవాడిలా ఆ కొండను చూశాడు. రాయి మీద రాయి, ఇదే దారి. ఎవరో మొక్కుకున్న కొట్టం ఎడమ పక్కన ఉంది, ఎడమకు తిరిగాడు. ఎవరిదో మిద్దె, నేరుగా పోయాడు. ఇల్లు తర్వాత ఇల్లు. ఊళ్ళో ఇల్లు లేనివాళ్ళందరి ఇళ్ళ నడుమ నుంచి నడుచుకుంటూ కొండ నడినెత్తి దాటి, అవతలి పల్లెల వాళ్ళు పేర్చిన రాళ్ళ వెంట వెనక వాలులోకి దిగాడు. అక్కడ రెండు గుండ్ల నడుమ సందు అంచున చివరి ఇల్లు ఉంది. దాని పక్కన కుడి వైపు ఒక రాయి. కుడికి తిరిగితే నేరుగా సందులోకే.

సందులోంచి వెదురు కర్ర కొన బయటికి కనబడుతోంది.

శేషన్న లోపల ఒక కాలు ఇరుక్కుని బండకు ఆనుకుని ఉన్నాడు. పెదాలు పగిలాయి. వేరుశనగ ఉండల మూట విప్పకుండా ఒళ్ళోనే ఉంది; దాహానికి అవి గొంతు దిగవని తెలిసినట్టుంది. జయరాం నీళ్ళు పోసి, ముఖం తుడిచి, "అరవకూడదా నాయనా?" అన్నాడు.

"నోటికి తాళమంటిరి కదా సార్," అన్నాడు శేషన్న, గాలి లాంటి గొంతుతో. "తర్వాత అరిసినా. విజిల్ వినపడితే వద్దామనుకుంటి. వినపల్యా." కొంచెం ఆగి, "ఒక్క గుర్తు గూడా వదల్లేదు సార్. పాసయినానా?" అన్నాడు.

పీరా మొహం తిప్పుకున్నాడు. జయరాం చేత్తో మట్టి తోడి, రాళ్ళు లాగి, కాలు విడిపించాడు. మడమ పక్కకు తిరిగి ఉంది. వాణ్ణి వీపు మీద వేసుకుని ఆ ఇళ్ళ నడుమ నుంచే కిందికి దిగాడు. ఒక్క ఇల్లు కూడా పడిపోకుండా జాగ్రత్తగా దిగాడు.

కింద కన్యకమ్మ మనవడి ముఖం తడిమింది, కాలు తడిమింది. మాస్టరును తిట్టలేదు. తిడితే బాగుండునని జయరాం దారి పొడుగునా అనుకున్నాడు. వాకిట్లో జట్కా దిగాక శేషన్నను గడపలో నిలబెట్టబోయాడు. వాడు నిలబడలేకపోయాడు.

కాలు కట్టు విప్పే రోజుకు కన్యకమ్మ తన పాత ఎర్రచీరను పీలికలుగా చించి, మూటగట్టి బడికి తెచ్చింది. "కొండ మీద రాళ్ళు అందరివీ అప్పా మాస్టరూ. వాటి జోలికి పోవద్దు. ఈ పీలికలు చెట్లకు కట్టుకుంటా పోండి. అవ్వ చీర యాడ ఉన్నా నా మనవడు గుర్తు పడతాడు," అంది. ఆ తర్వాత ఆదోని స్కౌట్లు ఏ కొండ ఎక్కినా దారంతా ఎర్ర పీలికలే. వాటి వెంట కొంచెం కుంటుతూ అందరికన్నా ముందు పోయేవాడు శేషన్న.

ఇక్కడ ఆపితే అందరికీ బాగుంటుంది. మగ్గాల సంగతి ఎలాగూ ఒప్పుకున్నాక ఇది మాత్రం దాచడమెందుకు? రాళ్ళు నిజం, బావి నిజం, పిల్లవాడి కుంటు నిజం. ఎర్రచీర పీలికలు నేను కథకు కట్టినవి. కన్యకమ్మ బడికి రానే లేదు. మనవడి పచ్చ రుమాలు ఉతికి, నాలుగు మడతలు పెట్టి యూసుఫ్ సాబ్ చేత పంపించింది. మాట ఏమీ పంపలేదు. జయరాం దళాన్ని వదల్లేదు. ఆదివారం పొద్దున పిల్లలు వరసలో నిలబడ్డాక, విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదే ముందు పత్తి మిల్లు సందు వైపు కాసేపు చూసేవాడు.