పేరు కింద గీత

నిర్మలమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచేసరికి పొద్దు వాలింది. ఆ రోజు పంచాయతీ ఎన్నికలు. భర్తకు అన్న అయిన బావ అమరేందర్ వార్డుకు నిలబడ్డాడు. అతని వెంట తిరిగే మగవాళ్లందరికీ తిండి ఈ ఇంట్లోనే. బడిలో డబ్బా దగ్గర కూర్చున్న ఆఫీసర్లకూ ఇక్కడి నుంచే పప్పు, వంకాయ కూర, పెరుగు వెళ్లాయి. తెల్లారక ముందు రాజేసిన పొయ్యి ఆరనే లేదు. ఆఖరి బంతి లేచాక ఆమె మొహం కడుక్కుని, సందుగలోంచి మంచి చీర తీసి కట్టుకుని బడికి వెళ్లింది.

ఆఫీసరు జాబితా మీద వేలు పెట్టి వెతికాడు. "మీ ఓటు పొద్దున్నే పడింది కదమ్మా."

"నేనిప్పుడే వచ్చిన సారూ."

"ఇదిగో, పేరు కింద గీత కూడా ఉంది."

ఆమె వేలు చాపి చూపించింది. సిరా చుక్క లేదు. "ఇంటి పనిలో తోముకుంటే పోయి ఉంటుంది," అని ఆయన నవ్వాడు. వెనక నిలబడ్డవాళ్లూ నవ్వారు. ఇందాక తన ఇంటి అన్నం తిన్న మనిషి, వంట బాగుందని కబురు పంపిన మనిషి, ఆమె మాట మాత్రం నమ్మలేదు.

ఇంటికొచ్చి భర్తను అడిగింది. రఘుపతి వక్కపలుకు నములుతూ తేలిగ్గా చెప్పాడు. "మా చెల్లె లీల ఏసొచ్చిందిలే. నువ్వు పొయ్యి కాడ తెమలకపోతివి. ఓటు ఖరాబైతదని పంపిన. నువ్వేసినా అన్నకే, అదేసినా అన్నకే. ఎవరేస్తే ఏంది?"

బావకే వేసేదాన్నని ఈయనకెలా తెలుసు? ఎవరికి వేస్తావని ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు. కాపురానికొచ్చినప్పటి నుంచి తను ఏం తినాలో, ఏ పండుగకు పుట్టింటికి పోవాలో, పిల్లకు ఏ పేరు పెట్టాలో అన్నీ ఇంకొకరు అనుకున్నాకే ఆమెకు తెలిసేవి. మనసులో ఒక పేరు అనుకుని, తెర వెనక్కి వెళ్లి, ఎవరికీ చూపించకుండా చీటీ మడిచి వేసి రావడం ఆమెకు ఎంతో ఇష్టంగా తోచింది. ఆ ఇష్టాన్ని కూడా ఆడబిడ్డ చేతికిచ్చి పంపారు, గిన్నెడు మజ్జిగ పంపినట్టు. ఆడబిడ్డ లీలమ్మది కేతేపల్లి. పెద్దన్న పిలిపిస్తే ఎన్నికల పనులకు వచ్చింది. ఆమె మీద నిర్మలమ్మకు కోపం లేదు. కోపం ఎవరి మీదో తెలుసు గాని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

బావ మస్తు ఓట్లతో గెలిచాడు. అక్కడే ఆమెకు మరీ చిక్కొచ్చింది. ఓడిపోయి ఉంటే తన ఒక్క ఓటు గురించి ఎవరైనా పట్టించుకునేవారేమో. గెలిచిన ఇంట్లో ఏం మాట్లాడినా, "ఇగ నీకేం తక్కువైంది?" అన్నారు.

ఓడినవాడు తాలూకా కచేరీలో దరఖాస్తు పెట్టి ఎన్నికల కాగితాల నకలు అడిగాడని ఒకరోజు వడ్డిస్తూ విన్నది. పుట్టినూరు కల్వకుర్తి బడిలో నేర్చుకున్న నాలుగక్షరాలు ఆమెకు ఇంకా మరపు రాలేదు. తనే దరఖాస్తు రాసుకుని, నార్కట్‌పల్లిలో బస్సెక్కి నల్లగొండ కచేరీకి పోయింది.

గుమాస్తా దరఖాస్తు చదివి తలెత్తాడు. "మీరు పోటీ చేసిండ్రా?"

"లేదు. మా బావ చేసిండు."

"ఓడిండా?"

"గెలిచిండు."

"గెలిచినంక నకలెందుకమ్మా?"

"నా పేరు చూసుకుంటానికి."

అతను పక్క బల్ల వాడికేసి చూసి నవ్వి, "మీ ఆయన్ను తోలుండ్రి," అన్నాడు. మళ్లీ పోతే తాసిల్దారు దొర క్యాంపుకు పోయాడన్నారు. ఇంకోసారి పోతే దరఖాస్తు మీద స్టాంపు బిళ్ల లేదన్నారు. బిళ్ల అంటించుకుపోతే భర్త సంతకం కావాలన్నారు. వెళ్లిన ప్రతిసారీ ముందు వంట చేసి, మూతలు పెట్టి, పిల్లను పక్కింట్లో దింపి పోవాలి. వచ్చాక అంట్లు అలాగే ఉండేవి.

"భర్త సంతకం కావాలని ఏడ రాసుందో చూపియ్యుండ్రి. నేను చదువుకుంట," అన్నది ఆఖరికి.

గుమాస్తా విసుక్కుని బీరువాలోంచి కట్ట తీసి ముందు పడేశాడు. నిర్మలమ్మ, భర్త రఘుపతి. కింద ఎర్ర పెన్సిలు గీత. అంతే.

"కాగితం ప్రకారం మీరు ఓటేసిండ్రు. గీత ఎవరిని చూసి గీసిండ్రో గీత చెప్తదా? ఆ రోజే ఒప్పుకోను అని నిలబడితే ఇంకో చీటీ ఇచ్చేటోళ్లు."

"అట్ల అడగొచ్చని నాకెవరు చెప్పలే."

"అడిగితే చెప్పేటోళ్లు. ఇప్పుడు మీది కాదనాలంటే ఎవరేసిండ్రో రాసియ్యాలె. ఏసినామె మీద కేసైతది. చూసుకోండి మరి."

ఆమె కచేరీకి పోయిన సంగతి అప్పటికే ఊళ్లో తెలిసింది. గడపలోనే రఘుపతి ఎదురయ్యాడు. "నా చెల్లెను జైలుకు తోలుతవా? ఒక్క ఓటు కోసం ఇంటి ఇజ్జత్ బజార్ల ఏస్తవా?"

"దాన్ని పంపింది మీరే గద."

"నేను పంపిన అని ఏడ రాసుంది?"

నిజమే. ఎక్కడా రాసి లేదు. పంపినవాడు గడపలో నిలబడి ఉన్నాడు. గీత కింద చిక్కుకున్నది ఇద్దరు ఆడవాళ్లు.

మర్నాడు ఆమె కేతేపల్లి పోయింది. నీ పేరు ఎక్కడా చెప్పనని లీలమ్మకు ధైర్యం చెప్పి, ఈ సంగతి అంతటితో వదిలేద్దామనుకుంది. లీలమ్మ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. నిర్మలమ్మ చెప్పినదంతా వింటూ ఉంది. వింటూ వింటూ ఆమె చేతులు ఆగాయి.

"వదినే, ఆ దినం మా ఊళ్ల గూడ ఓట్లే గద."

"అవునా?"

"పెద్దన్న రమ్మంటే ముందు దినమే మీ ఊరికొస్తిని. తిరిగొచ్చినంక మా ఆయన, నీ ఓటు ఫికర్ చెయ్యకు, పడ్డది అన్నడు. మంచిదే అనుకున్న." ఆమె చేతిలోని మిరపకాయను కుప్పలో పడేసింది. "నాది ఎవరేసిండ్రో నేను అడగనే లే."

లీలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "నాకు రాయరాదు. నువ్వు రాయి. నీ ఓటేసింది నేనే అని రాయి. ఏయించింది మా చిన్నన్న, నీ మొగడు అని గూడ రాయి."

"కేసైతదంట లీలా."

"కానియ్యి. పంపినోని పేరు గూడ ఉంటది గద."

కచేరీలో గుమాస్తా ఈసారి దరఖాస్తు అందుకోకముందే అడిగాడు. "మళ్ల వచ్చిండ్రా? ఈమె ఎవరు?"

"నా ఓటేసినామె," అన్నది నిర్మలమ్మ. "ఈమె ఓటు ఎవరేసిండ్రో తెలుసుకుంటానికి వచ్చినం."