తాళంచెవి పేరా

ఇళ్లు అద్దెకిప్పించే ఆ ఆఫీసులో ఆమెను అందరూ షరతులమ్మ అనేవారు. ఒప్పందాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో షరతులు పెట్టడం ఆమె పని. అద్దెకొచ్చేవాళ్లకు కుక్క ఉందా? ఉందని టిక్కు పెడితే, గోడలు గీకితే ఎవరు బాధ్యులో చెప్పే పేరా దానంతటదే వచ్చి కూర్చుంటుంది. లేదంటే ఆ పేరా ఊసే ఉండదు.

ఓ ఉదయం మేనేజరు కొత్త పేరా పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

“ఒంటరి ఆడవాళ్లయితే ఇది రావాలమ్మా. మిగతావాళ్లకు కనపడకూడదు. ఇళ్ల ఓనర్లు అడుగుతున్నారు.”

ఆమె చదివింది. ఆఫీసు మనుషులు చెప్పాపెట్టకుండా తమ దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి రావచ్చట, ఇంట్లో ఎవరున్నారో చూడవచ్చట.

ఆమెకు ఒళ్లు మండింది. భర్తతో విడిపోయిన కొత్తలో తనూ ఇలాంటి కాగితం మీదే సంతకం పెట్టింది. ఓ మధ్యాహ్నం స్నానం చేసి బయటికొస్తే, ఇంటి ఓనరు నట్టింట్లో నిలబడి ఉన్నాడు. కుళాయి చూద్దామని వచ్చానంటూ నీళ్లు నమిలాడు. ఆ ఇల్లు ఖాళీ చేసినా ఆ భయం మాత్రం ఆమెను వదల్లేదు.

“నేను పెట్టనండీ,” అంది.

“పెట్టననడానికి ఇదేమన్నా మీ ఇల్లా? పెడితే పెట్టండి, లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటాం.”

ఇంకొకర్ని చూసుకుంటే ఆమె, బడికెళ్లే కూతురు వీధిన పడాల్సిందే. ఆ సంగతి అతనికి తెలుసు, తెలిసే అన్నాడు. చుట్టూ కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది.

“సరే, కూర్చోండి,” అందామె. “అడిగినవాళ్లు అదెలా పనిచేస్తుందో చూసి ఒప్పుకుంటేనే ఏ షరతైనా అమల్లోకి వెళ్తుంది. మీరు పెట్టిన పద్ధతే కదా.”

దారికొచ్చిందనుకుని అతను దర్జాగా కూర్చున్నాడు. ఆమె సరిచూసుకోవడానికి వాడే నమూనా ఒప్పందంలో షరతు రాసింది. ఇక ఎవరో ఒక మనిషి వివరాలు కొట్టాలి. మామూలుగా ఉత్తుత్తి మనిషిని పెట్టేవారు. మేనేజరు కూతురికి కొత్తగా ఉద్యోగం వచ్చిందనీ, వేరే ఊళ్లో ఒక్కతే ఉండబోతోందనీ ఆఫీసంతటికీ తెలుసు. అద్దెకుండేవారు అన్నచోట ‘మేనేజరు గారి అమ్మాయి’ అని కొట్టింది. ఒంటరిగానా? అవును. టిక్కు పెట్టి మీట నొక్కింది.

పేరా ఠక్కున వచ్చి కూర్చుంది. గది చివరి బల్లవాళ్లకూ వినపడేలా ఆమె దాన్ని పైకి చదివింది. అమ్మాయి ఇల్లు. చెప్పాపెట్టకుండా. తాళంచెవితో. మేనేజరు ముఖం కందగడ్డయింది.

“తీసెయ్!” అని అరిచాడు.

“దేన్నండీ? మీ అమ్మాయినా, పేరానా?”

“మా అమ్మాయిని!”

అనేశాక తన మాట తనకే వినపడినట్టుంది, తల పక్కకు తిప్పుకున్నాడు. ఎటు తిప్పినా ఎవరో ఒకరు అతన్నే చూస్తున్నారు.

షరతులమ్మకు ఉన్న కాస్త భయమూ పోయింది. ముందు అమ్మాయి వివరాలు తుడిపేసింది. ఆ తర్వాత, అతను చూస్తుండగానే, పేరానూ తుడిపేసింది.

“రెండూ తీసేశానండీ. ఇక తీయాల్సింది నన్నే. ఎందుకు తీసేస్తున్నారో ఓ కాగితం మీద రాసి సంతకం పెట్టండి, ఇప్పుడే వెళ్తాను.”

తెల్ల కాగితం తీసి అతని ముందు పెట్టింది. పెన్ను అతని జేబులోనే ఉంది. చెయ్యి మాత్రం అక్కడిదాకా లేవలేదు.