సొంత అత్తకు చేస్తే సేవ కాదంట

ఇంద్రాణికి కడుపుమంటంతా గంగాధరప్ప మీదనే. మొగుడైనందుకు కాదు. నెలకొక్క ఆదివారం తనదనుకున్న పూటను నవ్వుతూ నవ్వుతూ మింగేసినందుకు.

అతను పామిడిలో శెనక్కాయల దళారీ. ఆమె ఇంటిచాకిరీ చేసుకుంటూనే దూరవిద్యలో డిగ్రీ చదువుతోంది. అందులో సమాజ సేవ అని ఒక పేపరు. పోయినేడు దాకా వనజాక్షి మేడమ్ నెలకొక ఆదివారం ఆడవాళ్ళను బస్సెక్కించి ఏదో ఒక పల్లెకు తీసుకుపోయేది. అక్కడివాళ్ళకు అక్షరాలు దిద్దించి, చింతచెట్టు కింద సద్దులు విప్పుకుని, నవ్వుకుంటూ తిరిగొచ్చేవాళ్ళు. ఈ ఏడు యూనివర్సిటీ ఆ పేపరును ఇంటర్నెట్‌లోకి మార్చేసింది. ఎవరి ఊళ్ళో వాళ్ళే సేవ చేసి, చేసింది ఇంటర్నెట్ సెంటర్లో టైపు కొట్టి పంపాలి. మేడమ్ జవాబు అందులోనే వస్తుంది. ఆ పేపరు పాసైతేనే డిగ్రీ. డిగ్రీ చేతికొస్తేనే బడిలో టీచరు పని ఇస్తామన్నారు.

గంగాధరప్ప సంబరం చూడాలి. బస్సెక్కే పీడ వదిలిందన్నాడు. మగపిల్లోళ్ళ మధ్య కంప్యూటరు ముందు నువ్వు కూర్చునేదేంది, నేను కొట్టించుకొస్తా, మా అమ్మకు చేసేదే రాస్తే సరిపాయ అన్నాడు. పక్షవాతంతో మంచం పట్టిన సుబ్బలక్ష్మమ్మకు కోడలు ఒళ్ళు తుడిచేది, అన్నం పిసికి పెట్టేది, దొడ్డికి పోతే ఎత్తేది, అన్నీ టైపు కొట్టించాడు. పైన పేరు మాత్రం ఇంద్రాణిదే.

మూడోనాడు జవాబు మోసుకొచ్చాడు.

"చూడు మే, చదువుకున్నోళ్ళే చెప్పినారు. సొంతింట్లో చేసేది సేవ కాదంట. బాధ్యతంట. బయటోళ్ళకు చేస్తేనే మార్కులంట."

బాధ్యత. పక్కగుడ్డలు పిండుతూ ఆ మాటనూ పిండింది ఇంద్రాణి. ట్యాంకరు నీళ్ళు బిందెలకెత్తి మోసేది తను, ఆ నీళ్ళలో సగం ఈ గుడ్డలకే పోసేది తను, ఒంటికి పోసుకునేందుకు చెంబెడు మిగలక కొంగుతో మొహం తుడుచుకునేది తను. కొడుకు పొద్దున ఒకసారి గడపలో నిలబడి ఎట్లుండావమ్మా అంటాడు. అంతే, నా కొడుకు బంగారమని అత్త వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. కోడలి మాటొస్తే, చేయక యాడికి పోతాది అంటుంది. ఇంట్లోవాళ్ళకు అది కనపడలేదంటే సరే. చదువు చెప్పే మేడమ్‌కు కూడానా? మేడమ్ ఇంట్లో గిన్నెలు వాటంతటవే తోముకుంటాయేమో. అయినా బాధ్యతంటే ఎవరిది? ఆ ముసలామె కన్నది ఎవరిని?

మర్నాడు ట్యాంకరు దగ్గర ఊరి చివరి పేటలో ఉండే రెబెకా కలిసింది. ఆమెదీ అదే పేపరు, ఆమెకూ అదే జవాబు. ఆమె అత్త చిన్నక్కకు చూపు లేదు.

"అక్కా, ఒక పని చేస్తాం. మీ అత్తకు నేను చేస్తా, మా అత్తకు నువ్వు చెయ్యి. ఇద్దరం పాసు."

ఇద్దరూ బిందెలు దించి కడుపుబ్బ నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. అదే అడుగుతూ మేడమ్‌కు రెబెకా టైపు కొట్టించింది. నిబంధనకు ఎక్కడా అడ్డు లేదని, అట్లాగే చేయమని జవాబొచ్చింది.

గంగాధరప్ప అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. రెబెకా మనింట్లోకా, నడవ దాటనిస్తే ఊరు నా మొగాన ఉమ్మదా అన్నాడు. ఇంద్రాణి తల దువ్వుకోవడం ఆపలేదు.

"ఆయమ్మ వద్దంటే వద్దులే. నేను మటుకు చిన్నక్క దగ్గరికి పోతాండా. మీ అమ్మ నీకు సొంతం, నాకు బయటామె. నేను చేస్తే సేవ, నువ్వు చేస్తే బాధ్యత. చేసుకో మరి."

చెప్పులేసుకుని వీధిలోకి నడిచింది.

ఆ పూట గంగాధరప్పకు తన ఇల్లు పరాయి ఇల్లయింది. గుడ్డలు యాడుండాయో తెలియదు, గంజి ఎంత వేడుండాలో తెలియదు. తల్లి పక్క తడిపితే ముక్కు మూసుకుని గుమ్మం దాకా ఉరికి, మళ్ళీ లోపలికే రావాల్సి వచ్చింది. మండీలో అతని కోసం కూర్చున్న గుంతకల్లు పార్టీ విసిగి వేరే దళారీతో బేరం ముగించుకుని పోయింది. సాయంత్రం అతనే రెబెకా ఇంటి ముందుకు పోయి, రేపటి నుంచి రామ్మా అన్నాడు.

ఇంద్రాణి తొమ్మిదేళ్ళ చాకిరీకి ఆ ఇంట్లో ఎవరూ వెల కట్టలేదు. కన్నతల్లి దగ్గర కూర్చున్న ఆ ఒక్క పూటకు తనకెంత పోయిందో గంగాధరప్ప మాత్రం ఈనాటికీ కనపడినవాళ్ళకంతా చెబుతాడు. పదకొండు వందల నలభై రూపాయలు.