ఫొటో దిగిన పార

నేను ఒక పారను. కొలిమిలో కాలి, సమ్మెట దెబ్బలు తిని, మట్టి తవ్వడానికి పుట్టినదాన్ని. నా ఖర్మ కొద్దీ ఒక డిగ్రీ కాలేజీ కబడ్డీ జట్టు చేతిలో పడ్డాను.

ఆ కాలేజీకి సమాజం మీద ప్రేమ ఉన్నట్టుండి పుట్టుకొచ్చింది. సామాజిక సేవ చేయనివాళ్లకు యూనివర్సిటీ పోటీల్లో ఆడే అర్హత లేదని నిబంధన వచ్చిన మర్నాడే పుట్టుకొచ్చింది లెండి. ఆటల మాస్టారు గవర్రాజు గారు బ్యానరు రాయించి, నన్ను కొని, అమ్మాయిల జట్టును రేవువీధికి తోలుకెళ్లారు. అక్కడ మురుగు కాలువ పూడిపోయి, పోలమ్మ అనే ముసలామె వంటింట్లోకి నీళ్లు పొంగుతున్నాయి.

అమ్మాయిలు వంతులవారీగా నన్ను పట్టుకుని నవ్వారు. కెమెరా క్లిక్కుమంది. నాకు మట్టి కూడా అంటలేదు. సేవ చేసి అలిసిపోయిన జట్టు ఉప్మా తినడానికి బస్సెక్కింది.

తవిటమ్మ మాత్రం ఎక్కలేదు. కూతకెళితే ఉత్త చేతుల్తో తిరిగిరాని పిల్ల. అందరూ ఫొటో దిగుతున్నప్పుడు ఆమె పోలమ్మ బియ్యం మూటను అరుగెక్కిస్తోంది. ఆ పని కాగానే నన్నందుకుని కాలువలోకి దిగింది. పొద్దు వాలేదాకా తవ్వింది. అరచేతులు బొబ్బలెక్కి చితికాయి. నీళ్లు కదిలాయి. పుట్టినందుకు ఆ రోజు మొదటిసారి సంతోషించాను.

మర్నాడు జట్టులో ఆమె పేరు లేదు. మాస్టారి గది మూల నుంచి అంతా విన్నాను.

"ఫొటోలో లేవు కదమ్మా. సేవ చేసినట్టు రుజువేదీ?"

"నాను అప్పుడు కాలవ కాడే ఉన్నాను సార్. పోలమ్మనడగండి."

"పోలమ్మ మాట యూనివర్సిటీ వింటుందా?"

చివరికి ఆయనే దయతలచి కాలేజీ తోటలో ఆమె చేతికి నన్నిచ్చారు. "తవ్వుతున్నట్టు నిలబడు చాలు. చేతికి ఆ గుడ్డేంటి? తీసెయ్, ఫొటోలో బాగోదు."

ఆట మీద ఆశ. తవిటమ్మ పళ్లు బిగించి గుడ్డ విప్పింది. నా కర్రకు నెత్తురంటింది. ఆ ఫొటోతో ఆమెకు అర్హత వచ్చింది. పోటీల్లో ఆడి కప్పు తెచ్చింది.

నాకేమో వెండిరంగు పూసి, 'సేవాస్ఫూర్తి' అని రాసి కప్పు పక్కన గోడకు తగిలించారు. వానలకు కాలువ మళ్లీ పూడింది. పోలమ్మ వచ్చి పార అడిగితే మాస్టారు నవ్వారు. "ఇది వాడే పార కాదు మామ్మా!"

పోలమ్మ గేటు దాటకముందే తవిటమ్మ నన్ను గోడ మీంచి లాగింది.

"ఏయ్, అది కాలేజీ గౌరవం!"

"గౌరవం మట్టిలో పడితే పోదు సార్."

ఈసారి నలుగురు ఆటగత్తెలు ఆమె వెంట నడిచారు. మొదటి వేటుకే నా వెండిరంగు పెచ్చులూడింది. కాసేపటికి మాస్టారు కెమెరా మనిషితో రొప్పుకుంటూ వచ్చారు. "ఆగండమ్మా! నేనూ ఒక ఫొటో దిగుతాను!"

మోకాలి లోతు మురుగులో నిలబడి తవిటమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది.

"దిగండి సార్."

ఆయన తన తెల్ల బూట్ల వైపు చూసుకున్నారు.