చెవులకు మూతలు

మర్యాద అంటే ఏమిటో తెలియనివాళ్ళు ఈ దంపతుల్ని చూసి నేర్చుకోవాలి. ఆయన పెద్ద ఆసుపత్రిలో విచారణల కౌంటర్ దగ్గర ఉద్యోగి. ఎదుటివాళ్ళు ఎంత విసిగించినా "కూర్చోండి, చెప్పండి" అనడమే తప్ప గొంతు పెంచి ఎరగడు. ఆవిడ బడిలో పంతులమ్మ. పిల్లలకు మంచి మాట నేర్పి జీతం తీసుకుంటుంది. ఇంటి తలుపు మూసుకున్నాక మాత్రం ఇద్దరి మర్యాదా బయటే ఉండిపోతుంది.

ఒక సాయంత్రం వాళ్ళ పదిహేనేళ్ళ కూతురు అడిగీ అడగనట్టు హెడ్‌ఫోన్స్ అడిగింది. పెద్ద పరీక్షలు దగ్గర పడ్డాయి. చదివింది ఒక్క ముక్కా బుర్రకెక్కడం లేదు.

"ఖరీదైనవి వద్దు నాన్నా. చెవి మొత్తం మూసేవైతే చాలు" అంది.

ఎందుకని ఒక్కరైనా అడిగారా? అంత తీరిక ఎక్కడిది పాపం!

"వైరువి తీసుకుంటే చవగ్గా పోతుంది" అన్నాడు తండ్రి.

"మీ చెల్లెలి కొడుక్కి కూడా వైరువే కొన్నారా?" అంది తల్లి.

"మధ్యలో మా చెల్లెలెందుకు వచ్చింది?"

"ఎందుకు రాదూ? మీ జేబు తెరుచుకునేది వాళ్ళ కోసమేగా!"

ఇక చూసుకోండి. హెడ్‌ఫోన్స్ దగ్గర మొదలైన మాట ఆడపడుచు మీదుగా, పెళ్ళినాటి అలకల మీదుగా సాగి "నిన్ను కట్టుకోవడం నా ఖర్మ" దగ్గర తేలింది. గిన్నె ఒకటి నేల మీద దొర్లింది. పక్కింటివాళ్ళు అలవాటుగా టీవీ శబ్దం పెంచుకున్నారు. ఆ పిల్ల మాత్రం పుస్తకం ముందు కూర్చుని రెండు చేతులతో చెవులు మూసుకుంది. పేజీ తిప్పడానికి మూడో చెయ్యి లేకపోయింది.

మర్నాడు ముగ్గురూ దుకాణానికి వెళ్ళారు. నలుగురి మధ్య కదా, మళ్ళీ "ఏమండీ", "నీ ఇష్టమోయ్" మొదలయ్యాయి. ఆ అన్యోన్యత చూసి దుకాణదారు తెగ మురిసిపోయాడు. చవకలోనే చెవులను పూర్తిగా కప్పే జతొకటి తీసి, పాట పెట్టి పిల్లకిచ్చాడు.

"పాట ఆపేయండి అంకుల్. పాటల కోసం కాదు."

"మరి దేనికమ్మా?"

ఆమె తల్లిదండ్రుల వైపు తిరిగింది. "అమ్మా, నాన్నా, ఇంట్లో మాట్లాడుకున్నట్టు ఒకసారి మాట్లాడండి. ఇవి పనిచేస్తాయో లేదో చూస్తాను."

అందులో వెటకారం లేదు. పిల్ల నిజంగానే సరుకు పరీక్షించుకుంటోంది. హెడ్‌ఫోన్స్ సరిగ్గా సర్దుకుని కళ్ళు మూసుకుంది.

తండ్రి అరల్లోని పెట్టెల మీద ధరలు చదవసాగాడు. తల్లి చేతిసంచి పట్టీ నలుపుతూ ఉండిపోయింది. దుకాణదారు తుడిచిన బల్లనే మళ్ళీ తుడవసాగాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ముందు ఆ మాటలనడానికి సిగ్గేసింది ఈ ఘనులకు. కన్నబిడ్డ ముందు ఏనాడూ వెయ్యలేదు!

కాసేపటికి పిల్ల కళ్ళు తెరిచింది. ఆ ముఖంలో ఎంత సంతోషమో!

"ఒక్క మాట కూడా వినపడలేదమ్మా! ఇవే తీసుకుందాం."

"మేం అసలు మాట్లాడలేదు తల్లీ" అన్నాడు తండ్రి నేల చూపులు చూస్తూ.

పిల్ల ముఖం వాడిపోయింది. "అయితే ఇంటికెళ్ళాక చూడాలి" అంది నెమ్మదిగా.

అయ్యా, అమ్మా! బిడ్డల చెవులకు చవకైన మూతల కోసం దుకాణాలు తిరగకండి. ముందు మీ నోళ్ళు అదుపులో పెట్టుకోండి. అందుకు మిమ్మల్ని ఎవరూ పైసా అడగరు.